చింతగింజలాయన

కార్తీకం సగం కూడా కాకముందే ఆ ఏడు చలి పట్టుకుంది. పిల్లలకు ఒక కంబళి కొందామని హిందూపురం సంతకు పోయాను. రొద్దం వైపునుంచి వచ్చిన ఒకాయన నేలమీద నాలుగైదు కంబళ్ళు పరుచుకుని కూర్చున్నాడు. చేతిలోకి తీసుకుని చూస్తే నేత వదులుగా ఉంది, గంజి సరిగా పట్టలేదు. ఇంతకన్నా మంచివి లేవా అని అడిగాను.

"మంచివి నేసే ఆయప్ప పోయినాడు లేమ్మా," అన్నాడు ఆయన. "మూణ్ణెల్లాయె. ఊరూరూ తిరిగి చింతగింజలు అడుగుతాండె, మీరు గూడా చూసింటారు. పాటలు పాడుతాండె."

"ఏం జబ్బు?"

"జబ్బేముండాది, వయసు. దొడ్డి పక్కన ఎండకు కూచున్నోడు కూచున్నట్టే పాయె. బువ్వకు పిలిస్తే పలకల్యా." నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "మీకు కావల్సినోడామ్మా?"

అవునని చెప్పడానికి నాకూ ఆ పోయిన మనిషికీ వరస లేదు. కాదనడానికి నోరు రాలేదు. ఆయన పేరేమిటని అడిగాను. పదహారేళ్ళలో ఒక్కసారీ అడగని మాట అది. కంబళ్ళు అమ్మే ఆయన చెప్పాడు. ఆ పేరు ఇక్కడ రాయను. తాను కట్టిన పాటల్లో ఒక్కదానిలోనూ పెట్టుకోని పేరును ఈ కాగితం మీద నేను పెడితే బాగుండదు. మేమందరం చింతగింజలాయన అనేవాళ్ళం. నాకు అదే చాలు.

మా నాయన ఇల్లు ధర్మవరంలో, మగ్గాల వీధులు దాటిన తర్వాత ఊరి అంచున ఉండేది. చేను గట్టున పదకొండు చింతచెట్లు. శివరాత్రి పోయిందంటే పండు రాలగొట్టి బండిమీద ఇంటికి తోలేవాళ్ళు. అక్కడినుంచి నెలన్నరపాటు పెరట్లో ఆడవాళ్ళ రాజ్యం. అవ్వ, అమ్మ, చిన్నమ్మ, పక్కిళ్ళవాళ్ళు వరసగా కూర్చుని, ఎవరి ముందు వాళ్ళు ఒక బండ పెట్టుకుని, గుప్పిట్లో ఇమిడే రాయితో పండు కొట్టి గింజ తీసేవాళ్ళు. పది రాళ్ళ చప్పుడు మొదట ఎవరిది వాళ్ళదిగా ఉండి, కాసేపటికి తెలియకుండానే ఒకటయ్యేది. ఆ చప్పుడు ఒకటయ్యే వేళకు చింతగింజలాయన గుమ్మంలో నిలబడి ఉండేవాడు. ముందే వచ్చి వీధిలో కాచుకుని ఉండేవాడేమో అని ఇప్పుడు అనుమానం వస్తుంది.

రొద్దం దగ్గర ఆయన కంబళ్ళు నేసేవాడు. ఉన్ని దారం బిగియాలంటే చింతగింజల గంజి పట్టించాలి. ఆ గింజలకోసం ధర్మవరం, పెనుకొండ, హిందూపురం చుట్టూ తిరిగేవాడు. ఊరికే ఇమ్మని ఎవరినీ అడగలేదు. దుడ్లు ఇచ్చీ కొనలేదు. ఒక సంచికి ఒక పొద్దు పాటలు. అదీ ఒప్పందం.

చూడటానికి దైవభక్తుడిలా ఉండేవాడు కాదు. తంబూర లేదు, బొట్టు లేదు. భుజాన మాసిన కంబళి, చేతిలో గొర్రెల కర్ర. గింజల విషయంలో మహా గట్టివాడు. ఇచ్చిన గింజలను ఇచ్చినట్టు సంచిలో పోసుకునేవాడు కాదు. నాలుగు తీసి ఒక్కొక్కటే పంటికింద పెట్టి చూసేవాడు. "ఇది పుచ్చు. ఇదీ పుచ్చే. ఏమ్మా, పుచ్చు గింజలిచ్చి మంచి పాట అడుగుతాండారు, న్యాయమేనా?" అనేవాడు. పాట మొదలుపెట్టేముందు మనుషులకు వీపు చూపించి గోడవైపు తిరిగి కూర్చునేవాడు. మొహాలు చూస్తే మాట మరిచిపోతాడట. రాళ్ళ చప్పుడే ఆయనకు తాళం. ఎవరైనా మాటల్లో పడి కొట్టడం ఆపితే ఆయనా ఆపేవాడు, గోడతో అన్నట్టు అనేవాడు: "కానీండి. మీరు కొడితేనే నాకు దారి కనపడేది."

నేను బడికి పోలేదు. మా నాయనే అరుగుమీద ఇసుక పోసి అక్షరాలు దిద్దించాడు, పద్యాలు నేర్పాడు, కదిరి నరసింహస్వామికి దీపం పెట్టడం నేర్పాడు, అబద్ధం ఆడకూడదని నేర్పాడు. ఇవన్నీ నేర్పిన మనిషికి, ఏ చదువూ లేని ఈ గింజలాయన పాట కట్టడం వింతగా ఉండేది. ఒకరోజు ఆయన మా అవ్వమీద పాట కట్టాడు. అవ్వకు నశ్యం అలవాటు. డబ్బీ ఎక్కడో పెట్టి మరిచిపోయి ఇల్లంతా వెతికించేది.

*నశ్యం డబ్బీ యాడపోయె నాగమ్మవ్వా,*
*నడుముకుండే కొంగుముడి నవ్వుతాండాది.*

పెరడంతా ఘొల్లుమంది. అవ్వ కొంగు తడుముకుని, డబ్బీ అక్కడే దొరికేసరికి రాయి విసిరినంత పని చేసింది. వసారాలోనుంచి మా నాయన లేచి వచ్చాడు.

"ఏమప్పా, పాట కట్టేవాళ్ళు చివరి చరణంలో తమ పేరు పెట్టుకుంటారు. గురువు పేరన్నా పెట్టుకుంటారు. నువ్వు మా అమ్మ పేరు పెడితివే?"

"గింజలిచ్చింది ఆయమ్మ గదప్పా."

"రేపు ఇంకో ఇంట్లో ఇదే పాడితే?"

"ఆడైతే ఆ ఇంటోళ్ళ పేరు."

"మరి పాట నీదని ఎట్ల తెలుస్తాది?"

"తెలిసి ఏం జేయల్ల? నా పేరుంటే రెండు గింజలు ఎక్కువ పోస్తారా?"

"ఒరేయ్, సగం పాట నేనే," అని అవ్వ అందుకుంది. "నేను లేకుంటే నీకు పాట యాడుండాది? సగం సంచే ఇస్తా, పో."

కాబట్టి ఆయన పద్ధతి నాకు మొదటినుంచీ తెలుసు. తెలియక మోసపోయానని చెప్పుకోవడానికి లేదు. పాటలు అవే, ఇల్లు మారితే చివరి పేరు మారుతుంది. పదేళ్ళ పిల్లకే తెలిసిన సంగతి.

ఆ రోజుల్లో నాకు బాగా నచ్చిన పాట ఇంకొకటి ఉంది. అత్తగారింటికి పోయే పిల్లకు చెప్పేది.

*పోతాపోతా వెనక్కి చూడొద్దు తల్లీ,*
*చూస్తివా, నీ ఊరు నీ వెంట నడిచొస్తాది.*

నాకు అది నవ్వులాట. ఊరు నడిచి రావడమేమిటి? మగ్గాలూ, చింతచెట్లూ, మా ఎర్రావూ, నశ్యం పీలుస్తూ మా అవ్వా, వరసగా దారిలో నడిచి వస్తున్నట్టు ఊహించుకుని కిలకిల నవ్వేదాన్ని. కర్నూలు మనకు రాజధాని అయిన రోజులు. నాకు పదమూడో, పద్నాలుగో.

తర్వాత రెండేళ్ళకు పెనుకొండలో ఇచ్చారు. మంచి కుటుంబం, కొండకింద పొలాలు, ఇంటినిండా మనుషులు. దేవుడు నాకు తక్కువ చేయలేదు. అయినా మొదటి ఏడు పొయ్యిముందు కూర్చుని ఏడవని రోజు లేదు. ఫాల్గుణంలో అక్కడ కూడా పెరట్లో చింతపండు పోశారు. కొత్త కోడలిని కాబట్టి చివర కూర్చున్నాను. గుమ్మం దగ్గర ఆ మాసిన కంబళి కనపడింది. ఆయన పెరడంతా కలయజూశాడు. అది ఆయనకు అలవాటు. పోయిన ఏడు ఎవరు ఎక్కడ కూర్చున్నారో ఆయనకు గుర్తుండేది. కొత్తవాళ్ళు వస్తే పలకరించేవాడు, ఎవరైనా కనపడకపోతే "ఈ తూరి ఎవురు లేరు?" అని అడిగిన తర్వాతే కూర్చునేవాడు.

"ధర్మవరం బిడ్డ గదూ నువ్వు? ఈడికొచ్చినావా!" అన్నాడు నన్ను చూసి. తర్వాత గోడవైపు తిరిగి ఆ దారి పాటే ఎత్తుకున్నాడు. ఊరు నీ వెంట నడిచొస్తాది అన్నచోట నాకు కళ్ళు కనపడలేదు. రాయి వేలిమీద పడింది. మాటలు మారలేదు, గొంతు మారలేదు. నవ్విన పిల్ల మారింది. మా నాయన పోయిన ఏడు అదే పాట మళ్ళీ విన్నాను. అప్పుడు వెంట నడిచి వచ్చే ఊళ్ళో నాయన ఒక్కడే కనిపించాడు, మిగతా దారి ఖాళీ. ఒక్క పాట ఒక మనిషికి ఇన్నిసార్లు కొత్తగా ఎట్లా పుడుతుందో నాకు తెలియదు. కట్టినవాడికి తెలుసేమో అడగలేదు.

నా మొదటి కాన్పు ధర్మవరంలోనే. ఆడపిల్ల. కదిరి స్వామి పేరుమీద నరసమ్మ అన్నాం. అయిదో నెలలో పెనుకొండ తీసుకొచ్చాం. తొమ్మిదో నెలలో మూడు రోజులు జ్వరం వచ్చి, నాలుగో రోజు పొద్దున, ఇంకా ముంగిట్లో ముగ్గు వేస్తుండగానే పోయింది.

పుట్టెంట్రుకలు తీయని బిడ్డకు మా అత్తగారింట్లో దినాలు లేవు, తద్దినం లేదు. మా బావగారు చేను గట్టున పూడ్చి వచ్చి స్నానం చేశాడు, అంతే. మా అత్త నన్ను లోపలికి పిలిచి, కోపంగా కాదు, తల నిమురుతూనే చెప్పింది. "పేరెత్తి ఏడవద్దు తల్లీ. పేరు పెట్టి పిలిస్తే ఇంగ పుట్టేది గూడా ఆ దారే పడ్తాది. ఈ ఇంట్లో ఆ పేరు ఎవురూ అనకూడదు." అందరూ ఆ మాట నిలబెట్టారు. మా ఇంటాయన కూడా. ఫోటో తీయించి ఉండలేదు. ఉయ్యాల చీర ఉతికి మళ్ళీ కట్టుకున్నాను. రెండు నెలలు తిరిగేసరికి, నాకొక కూతురు ఉండేదని చెప్పడానికి ఈ లోకంలో గుర్తు ఒక్కటీ మిగలలేదు. ఆ పేరు నేనే మరిచిపోతానేమోనని భయం పట్టుకుంది.

ఆ ఫాల్గుణంలో ఆయన వచ్చాడు. ముందటి ఏడు నన్ను కడుపుతో చూసి, "వచ్చే ఏటికి ఇద్దరు కూచుంటారు ఈడ" అని పోయినవాడు. వచ్చి నా వైపు, నా పక్కనున్న ఖాళీ నేలవైపు చూశాడు.

"ఈ తూరి ఎవురు లేరు?"

రాళ్ళు ఆగిపోయాయి.

"బిడ్డ పేరేమి?"

"పేరు అనకూడదప్పా ఈ ఇంట్లో," అంది మా అత్త.

"నేను ఈ ఇంటోణ్ణి గాదు గదమ్మా. నేనంటే ఏమి?" అని నా దగ్గరికి వచ్చి కర్ర ఊతంగా వంగాడు. "చెప్పు తల్లీ."

రెండు నెలలుగా నా నోట రాని పేరు. నరసమ్మ అన్నాను. నాకే వినపడలేదు. ఆయనకు వినపడింది.

గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పెరట్లో ఒక్క రాయి కదలలేదు. మా అత్త ఏమంటుందో అని అందరూ చేతులు గాలిలో పెట్టుకుని ఉన్నారు. తాళం లేకుండా ఆయన పాడటం నేను అదే మొదలు చూడటం. గొంతు తడబడింది, మొదటి మాట రెండుసార్లు ఎత్తుకుని వదిలేశాడు. అప్పుడు నేను రాయి తీసుకుని ముందున్న బండమీద కొట్టాను. ఒక్కదాన్నే. పండు లేని ఉత్త బండ. ఆయన గొంతు దారిలో పడింది.

*తొందరేమొచ్చెనే తల్లీ, ఎండ ఇంకా ఎక్కలేదు,*
*నీ నీడ నీ కాళ్ళకిందికి రానేలేదు.*
*ముంగిట ముగ్గు ఆరలేదు, ముంతలో పాలు పొంగలేదు,*
*ఎవురు పిలిచిరని పోతివే, నరసమ్మా,*
*ఎవురు పిలిచిరని పోతివే.*

ముగ్గు ఆరలేదని ఆయనకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. అప్పుడే, ఆ గోడముందే, నా బిడ్డకోసం కట్టాడని నాకు తెలిసిపోయింది. అట్లా అనుకున్నాను. పోయిన నా కూతురికి ఈ ప్రపంచంలో ఒక ఇల్లు దొరికింది. నాలుగు వరసల ఇల్లు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాను. ఆ పాటే లేకపోతే నేను మనిషినయ్యేదాన్ని కాదు. ఈ మాట ఎవరి దగ్గరైనా చెబుతాను.

తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, స్వామి దయవల్ల నిలిచారు. ఆయన ఏటా వచ్చేవాడు. నశ్యం పాటలూ, మామీద ఎగతాళులూ అన్నీ అయిన తర్వాత, సంచి కట్టేముందు, నేను అడగకుండానే ఆ పాట పాడేవాడు. ఏడాదికి ఒక్కసారి నా బిడ్డ పేరు గాలిలోకి వచ్చేది. దానికోసం మిగతా పదకొండు నెలలు బతికేదాన్నంటే ఎక్కువ చెప్పినట్టవుతుంది. ఇల్లు, పిల్లలు, పని ఉన్నాయి. కానీ చింతచెట్టు పూత చూసినప్పుడల్లా, ఆయన రావడానికి ఇంకెన్ని నెలలో వేళ్ళమీద లెక్కపెట్టుకునేదాన్ని. ఆ చివరి చరణం దగ్గర మా అత్త రాయి కూడా మెల్లగా పడేది. ఆమె ఎప్పుడూ ఏమీ అనలేదు. వద్దనీ అనలేదు. ఆ ఒక్కదానికి ఆమెకు దండం పెట్టాలి.

చైనా యుద్ధం ముగిసిన తర్వాత అన్నదమ్ముల భాగాలు అయ్యాయి. మా ఇంటాయన హిందూపురంలో చింతపండు మండీ పెట్టాడు. ఇంటి వెనక రేకుల కింద పదిహేనుమంది ఆడవాళ్ళు కూలికి వచ్చి పండు కొట్టేవాళ్ళు. నేను కొట్టే పని లేదు, వాళ్ళకు మజ్జిగ పోసే పని. మేము ఇల్లు మారింది గింజలాయనకు చెప్పే దారి లేకపోయింది. రెండేళ్ళు ఆయన కనపడలేదు.

మూడో ఏడు ఒక పొద్దున నేను వంటింట్లో ఉండగా రేకుల కిందినుంచి ఆడవాళ్ళ నవ్వులు వినపడ్డాయి.

"నా పండ్లు పాయెనమ్మా. నీ పండ్లతో కొరికి చెప్పు, పుచ్చో కాదో."

"అయ్యో తాతా, నా పండ్లు అరువు కావల్లనా నీకు? సంచిలో ఏసుకోని పోతావేమో!"

చేతిలో గరిటె అక్కడే పెట్టి గడప దగ్గరికి వచ్చాను. నడుము వంగింది, కళ్ళమీద తెల్లటి పొర. గోడకేసి కూర్చోవడానికి గోడ తడుముకుంటున్నాడు. పిలుద్దామనుకున్నాను. అంతలో ఎత్తుకున్నాడు. ఎండ ఇంకా ఎక్కలేదు అని. నా పాట. నేనిక్కడ ఉన్నట్టు ఎవరో చెప్పి ఉంటారు, నన్ను ఇట్లా పిలుస్తున్నాడు అనుకున్నాను. సంతోషంతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాను.

ఎవురు పిలిచిరని పోతివే, ఓబులమ్మా, అన్నాడు.

వరసలో మూడో మనిషి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది.

ఆ రోజు నా ఒంట్లోకి ఏమి వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. దొంగను పట్టుకున్నట్టు ఆయన ముందుకు పోయి నిలబడ్డాను.

"ఆ పాట ఎవరిది తాతా?"

గొంతు గుర్తుపట్టాడు. మొహం విప్పారింది. "ధర్మవరం బిడ్డా! ఈడుండావా తల్లీ? పెనుకొండలో అడిగితిని, లేరనిరి..."

"పాట ఎవరిదని అడుగుతాండా."

"నీ బిడ్డది."

"ఓబులమ్మ ఎవరు?"

కర్ర ఎత్తి ఏడుస్తున్న ఆమెవైపు చూపించాడు. "ఆయమ్మ బిడ్డ. శ్రావణంలో పాయె."

"ఒక పాట ఇద్దరిది ఎట్లయితాది?"

ఆయన కర్ర దించాడు. "ఇద్దరిదే అయింటే బాగుండు తల్లీ," అన్నాడు.

"ఎంతమందికి పాడినావు?"

"పేర్లన్నీ గుర్తుండాయి. కూచో, చెప్తా. నీ బిడ్డది గూడా వస్తాది అందులో."

నేను కూర్చోలేదు. కూర్చుని ఉంటే ఎంత బాగుండేది. "వద్దు," అన్నాను. "నా బిడ్డ పేరు ఇంగ నీ నోట రాకూడదు."

పదిహేనుమంది ఆడవాళ్ళ ముందు అన్నాను. ఒక్కరూ రాయి ఎత్తలేదు. ఆయన తల ఊపాడు. "సరేమ్మా." అప్పటికే సగం నిండిన సంచిని తడిమి, మూతి విప్పి, గింజలన్నీ మళ్ళీ రాశిలో కుమ్మరించాడు. ఎవరో "అదేంది తాతా" అంటే, "పాట నచ్చల్యా ఆయమ్మకు. గింజలెట్ల తీసుకునేది?" అన్నాడు. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని, దారి కర్రతో వెతుక్కుంటూ పోయాడు. నేను మజ్జిగైనా ఇవ్వలేదు.

అన్న మాట నిలబెట్టుకున్నాడు. మళ్ళీ రాలేదు. ఆ పాట నేనే పాడుకుందామని చాలాసార్లు చూశాను. ముగ్గు వస్తుంది, పాలు వస్తాయి, పేరు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయేదాన్ని. ఏటా ఒక్కసారైనా వినపడే పేరు అసలు వినపడకుండా పోయింది, అదీ నా నోటి మాటవల్లే. రొద్దం పోయే బండివాళ్ళ చేత కబురు పంపుదామనుకునేదాన్ని. ఈ ఏడు కాదు, వచ్చే ఏడు. పండు కొట్టే రోజుల్లో పంపితే బాగుంటుంది. ఇట్లా మూడేళ్ళు జరిపాను. అంతలో సంతలో కంబళ్ళు అమ్మే ఆయన చెప్పిన మాట వినవలసి వచ్చింది. ఎందరు తల్లులో, ఎన్ని పేర్లో గింజలాయన ఒక్కడి తలలో ఉండేవి. చెప్తా కూచో అన్నాడు. ఇప్పుడు అవన్నీ ఆయనతోనే మట్టిలో ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చిన ఫాల్గుణంలో, మా రేకుల కిందికి మడకశిర దారి పల్లెనుంచి ఒక కొత్త మనిషి పనికి వచ్చింది. ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. ఎవరితోనూ కలిసేది కాదు, చివర కూర్చుని కొట్టుకునేది. రెండో రోజు మధ్యాహ్నం మజ్జిగ పోస్తూ ఆమె దగ్గరికి వచ్చేసరికి, పెదవులు కదులుతున్నాయి. వంగితే వినపడింది. ఎవురు పిలిచిరని పోతివే, గౌరమ్మా.

చెంబు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. "గౌరమ్మ ఎవరమ్మా?"

ఆమె ఉలిక్కిపడింది. "నా బిడ్డమ్మా. పాయె." రాయి కింద పెట్టి తనే చెప్పింది. "కంబళ్ళు నేసే తాత ఒకాయన మా ఊరికి వస్తాండె. నా బిడ్డ కోసరమే ఈ పాట కట్టినాడు. ఇంగెవురికీ పాడల్యా. మా ఇంటి ముగ్గు గూడా పెట్టినాడు సూడు ఇందులో. ఆ పొద్దు ముగ్గు ఆరనే లేదు, ఆయప్పకు ఎట్ల తెలిసెనో!"

పక్కన కూర్చున్న పాత కూలి మనిషి ఒకామె తల ఎత్తి నావైపు చూసింది. నేను ఆయన్ని తరిమిన రోజున ఆమె ఇక్కడే ఉంది. ఏదో చెప్పబోతుంటే వద్దని చూశాను. ఆమె తల దించుకుని పండు కొట్టుకుంది.

"మీరు యాడన్నా విన్నారామ్మా ఇట్లాటి పాట?" అని అడిగింది ఆ పిల్ల. ఆ కళ్ళలో కొంచెం గర్వం ఉంది, దాని వెనక బోలెడంత భయం ఉంది. ఆ భయం నాకు తెలుసు. ఉన్న ఒక్క ఇల్లూ తనది కాదేమోననే భయం.

"లేదు తల్లీ," అన్నాను. "ఇదే మొదలు వినడం. ఇంకో తూరి పాడు."

ఆమె పాడింది. నేను మొదటిసారి వింటున్నట్టే విన్నాను.

ఆ సాయంత్రం స్వామికి దీపం పెట్టేటప్పుడు ఆ అబద్ధానికి క్షమించమని అడగలేదు. చేతులు జోడించి నిలబడి, నా బిడ్డ పేరు పైకి చెప్పాను. ఈసారి ఆగిపోలేదు. మళ్ళీ చెప్పాను, ఇంకొంచెం గట్టిగా.

"ఎవురినే పిలుస్తాండావు?" అన్నాడు మా ఇంటాయన వసారాలోనుంచి.

పన్నెండేళ్ళు ఇంట్లోవాళ్ళెవరూ అనని పేరు. ఆయన తప్పు లేదు. ఎవరిని పిలిచానో చెప్పాను. ఆయన లేచి వచ్చి, దీపం దగ్గర నా పక్కన నేలమీద కూర్చుని, "ఇంకో తూరి చెప్పు" అన్నాడు.